పాప చేతి మీది పుండు, అమ్మ భుజం మీది గడ్డ

ప్రశ్న: డాక్టరు గారూ, మా పాపకు రెండున్నర నెలలు. పుట్టిన రెండో రోజున ఎడమ చేతికి బీసీజీ సూది వేశారు. అప్పుడేమీ కాలేదు. నెల దాటాక అక్కడ చిన్న గడ్డ లేచింది. ఇప్పుడది పగిలి చీము వస్తోంది. జ్వరం లేదు, పాలు బాగానే తాగుతోంది. మా అత్తయ్య నొక్కి చీము తీసేసి పసుపు పెట్టమంటున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు సూది వికటించిందని యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చారు, ఇంకా పట్టలేదు. మా బాబుకు నాలుగేళ్లు. వాడికీ ఇదే సూది వేశారు కానీ మచ్చే పడలేదు. మళ్లీ వేయించాలా? అమెరికాలో ఉన్న మా ఆడపడుచు, అక్కడ పిల్లలకు ఈ సూదే వేయరు, మీకెందుకు అంటోంది. నా భయం ఇంకొకటి ఉంది. నాకూ ఎడమ భుజం మీద ఈ సూది మచ్చే. చిన్నప్పుడు శనగగింజంత ఉండేది. హైస్కూలుకు వచ్చాక పెరిగింది, ఇద్దరు పిల్లలు పుట్టాక ఇంకా పెరిగి ఇప్పుడు రెండు అంగుళాల పొడవున ఉబ్బెత్తుగా ఉంది. దురద, ఒక్కోసారి మంట. మోచేతి దాకా చేతులున్న జాకెట్టు తప్ప వేసుకోను. నా సంగతి సరే, అది ఆడపిల్ల. దానికీ ఇలాగే అయితే ఎలా?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి "నా సంగతి సరే" అన్న మాట దగ్గర ఆగిపోయాను. అందుకే అసలు విషయం ముందే చెప్పేస్తున్నాను. పాప పుండుకు ఏ మందూ అక్కర్లేదు. మందు కావలసింది మీ భుజానికి.

ముందు పాప సంగతి చూద్దాం, మీ కంగారంతా అక్కడే ఉంది కాబట్టి.

టీబీ (క్షయ) నుంచి కాపాడడానికి వేసే ఈ బీసీజీ మిగతా చాలా టీకాల లాంటిది కాదు. అందులో ఉండేది బతికి ఉన్న సూక్ష్మజీవి, బాగా బలహీనపరిచినది. ఫ్రాన్స్‌లోని లిల్ పట్టణంలో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు 1908లో ఈ పని మొదలుపెట్టారు. పశువులకు క్షయ తెచ్చే క్రిమిని బంగాళాదుంప ముక్కల మీద, పశువుల పైత్యరసం కలిపి పెంచారు. మూడేసి వారాలకు ఒకసారి కొత్త ముక్క మీదికి మారుస్తూ, అలా 230 సార్లు మార్చారు. పదమూడేళ్లు పట్టింది. చివరికి అది జబ్బు తెప్పించే శక్తి పోగొట్టుకుంది. 1921లో మొదటిసారి ఒక పసిబిడ్డకు ఇచ్చారు. టీకా పేరులోని మూడు అక్షరాల్లో రెండు వాళ్లిద్దరి పేర్లవే.

ఆ క్రిమిని మీ పాపకు కండలోకి ఇవ్వలేదు, చర్మం పొరల మధ్య పెట్టారు. వేసిన వెంటనే అక్కడ చిన్న బుడిపె లేస్తుంది, అరగంటలో అణిగిపోతుంది. ఆ రోజు జ్వరం రాదు, పిల్ల ఏడవదు. అందరం దాని సంగతే మర్చిపోతాం. కానీ లోపల క్రిమి నెమ్మదిగా పెరుగుతూ ఉంటుంది, పిల్ల ఒంట్లోని రక్షణ కణాలు దాన్ని గుర్తుపట్టి చుట్టూ చేరుతుంటాయి. ఆ పోరు బయటికి కనబడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అప్పుడు గింజలాంటి గడ్డ లేస్తుంది. ఐదారు వారాలకు పెరుగుతుంది. తర్వాత మెత్తబడి, పగిలి, కాస్త చీము కారుతుంది. పక్కు కడుతుంది, ఊడుతుంది, ఒక్కోసారి మళ్లీ కారుతుంది, మళ్లీ పక్కు కడుతుంది. చివరికి గుండ్రటి చిన్న మచ్చ మిగులుతుంది. ఇదంతా జరగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నెల దాటాక గడ్డ లేచిందనీ, రెండున్నర నెలలకు చీము వస్తోందనీ మీరు రాసింది ఈ లెక్కకు సరిపోతుంది. సూది వికటించలేదు. వేసిన పని చేస్తోంది.

చాలామంది తల్లులు ఇక్కడే తికమక పడతారు. ఆరు వారాలకు తొడకు పెంటావాలెంట్ సూది వేయిస్తారు కదా, సరిగ్గా ఆ రోజుల్లోనే చేతి మీద ఈ గడ్డ కనబడుతుంది. దాంతో ఆరు వారాల సూది పడలేదనుకుని పది వారాల సూదికి వెళ్లడం మానేసిన వాళ్లను చూశాను. దానికీ దీనికీ సంబంధం లేదు. చేతి మీద పుండు ఉన్నా పది వారాల టీకాలు నిక్షేపంగా వేయించవచ్చు, వేయించాలి.

మరి ఆ పుండును ఏం చేయాలి? ఏమీ చేయకూడదు. వినడానికి సులువుగా ఉంటుంది కానీ ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నచోట ఏమీ చేయకుండా ఉండడమే కష్టం. నొక్కకండి. చీము పిండకండి. పసుపు, కొబ్బరినూనె, ఆయింట్‌మెంట్, పౌడర్, స్పిరిట్ ఏవీ పెట్టకండి. గాలి ఆడకుండా ప్లాస్టర్ వేయకండి. రోజూ లాలపోయండి, నీళ్లు తగిలినా పర్వాలేదు, కానీ సున్నిపిండి నలుగు ఆ చోట రుద్దకండి. స్నానం అయ్యాక మెత్తటి శుభ్రమైన బట్టతో తడి అద్దండి. వదులైన నూలు జుబ్బా వేయండి. చీము బట్టకు అంటుకుంటుంటే పైన ఒక పొర శుభ్రమైన గాజుగుడ్డ వదులుగా ఉంచితే చాలు. పక్కును గోటితో లాగకండి, దానంతట అదే ఊడుతుంది. ఎత్తుకునేటప్పుడు ఆ భుజం దగ్గర పట్టుకోకండి.

ఆర్‌ఎంపీ గారు ఇచ్చిన సిరప్ పట్టకండి. ఈ చీము మామూలు సెగ్గడ్డ చీము లాంటిది కాదు, ఆ మందు దీన్ని త్వరగా మాన్పదు. ఆయన మీద కోపం తెచ్చుకోవలసిన పని కూడా లేదు. నేనూ కొత్తలో ఇంట్లోవాళ్ల టెన్షన్ చూడలేక ఒకటి రెండుసార్లు ఇలాంటి పుండుకు సిరప్ రాసిచ్చాను. రాయకుండా ఉండాల్సింది. ఆ పసిపిల్లలకు విరేచనాలు అయ్యాయి తప్ప పుండు మానాల్సిన రోజుకే మానింది.

నాకు ఇప్పటికీ మనసులో మెదిలే పిల్లవాడు ఒకడున్నాడు. మూడు నెలల బిడ్డ. చంకలో చిన్న బిళ్ల కట్టింది. ఎవరో దాన్ని సెగ్గడ్డ అనుకుని బ్లేడుతో కోశారు. బిళ్ల కోసిన చోట మానకుండా నెలల తరబడి కారుతూనే ఉంది. ఆ తల్లి ప్రతి వారం బస్సెక్కి వచ్చేది. ముట్టుకోకుండా ఉంటే ఆ బాధ వాడికి ఉండేది కాదు. అందుకే ఈ విషయంలో నేను కాస్త గట్టిగా మాట్లాడతాను.

చంక బిళ్ల గురించి మీకూ తెలిసి ఉండాలి. బీసీజీ వేసిన వైపే, ఎడమ చంకలో, శనగగింజంత బిళ్ల తగలడం మామూలే. కొన్ని నెలల్లో కరిగిపోతుంది. అది పెద్ద ఉసిరికాయంత పెరిగినా, మెత్తబడినా, పైన చర్మం ఎర్రబడి పలచబడినా పిల్లల డాక్టరుకు చూపించండి. అవసరమైతే సూదితో చీము లాగుతారు, కోయరు. పుండు నాలుగో నెల నిండాక కూడా మానకపోయినా, చుట్టూ ఎరుపు పాకుతూ జ్వరం వచ్చినా చూపించాలి. బరువు పెరగకపోవడం, నోట్లో తెల్లపూత ఎన్ని మందులు వేసినా పోకపోవడం, మాటిమాటికీ న్యుమోనియా రావడం లాంటివి ఉంటే ఆలస్యం చేయకూడదు. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లోపించిన పిల్లలు చాలా అరుదుగా ఉంటారు, వాళ్లలో ఈ బలహీనమైన క్రిమి కూడా ఒళ్లంతా పాకగలదు. మీ పాప పాలు తాగుతోంది, జ్వరం లేదు అంటున్నారు కాబట్టి ఆ భయం పెట్టుకోకండి. ప్రతి నెలా కాటా మీద బరువు చూపించండి, అది చాలు.

ఇంకొక చిన్న మాట, పిల్లల తల్లులందరి కోసం. ఎప్పుడో మానిపోయిన బీసీజీ మచ్చ ఉన్నట్టుండి ఎర్రగా ఉబ్బి, దానితో పాటు ఐదు రోజులకు పైగా తీవ్రమైన జ్వరం, కళ్లు ఎర్రబడడం, పెదాలు పగలడం కనిపిస్తే డాక్టరుకు ఆ మచ్చను ప్రత్యేకంగా చూపించండి. కవాసాకి అనే జబ్బుకు అదొక గుర్తు. ఆ జబ్బు గుండె రక్తనాళాలను దెబ్బతీస్తుంది, వేళకు పట్టుకుంటే మంచి మందు ఉంది.

ఇక మీ అత్తయ్య గారు. ఆవిడ మాట కొట్టిపారేసి గొడవ పెట్టుకోకండి. ఆవిడ వయసు మీరు రాయలేదు. అరవై దగ్గర పడిన మనిషైతే ఒకసారి ఆవిడ చేతులు చూడమనండి. జబ్బ మీదో, ముంజేతి మీదో, రూపాయి బిళ్లంత వెడల్పున, లోపలికి నొక్కుకుపోయినట్టున్న మచ్చలు ఉంటాయి, చాలామందికి రెండేసి. అవి బీసీజీవి కావు, మశూచి టీకావి. అమ్మవారు పోయకుండా వేసిన టీకాలు. ఊళ్లోకి టీకాల మనిషి వస్తున్నాడంటే పిల్లలు గడ్డివాముల వెనక దాక్కునే రోజులవి. చిన్న చిన్న పళ్లున్న గుండ్రటి సాధనాన్ని చర్మం మీద ఆనించి గట్టిగా తిప్పేవాళ్లు. అక్కడ పొక్కి, చీముపట్టి, మూడు వారాలకు పక్కు ఊడితే ఆ గుంట మచ్చ పడేది. అది జీవితాంతం పోదు. తర్వాత రెండు మొనల సూది వచ్చాక మచ్చలు చిన్నవయ్యాయి. మన దేశంలో చివరి మశూచి కేసు 1975 మే నెలలో వచ్చింది. 1980 మేలో ప్రపంచంలోనే మశూచి లేదని ప్రకటించారు. ఆ తర్వాత పుట్టినవాళ్లకు ఆ మచ్చలు ఉండవు, మీకూ నాకూ తేడా అదే. మీకు భుజం మీద ఒక్కటే ఉంది, నాకు దానితో పాటు ముంజేతి మీద ఇంకో రెండు ఉన్నాయి.

అత్తయ్యను ఆ మచ్చల గురించి అడగండి. "అప్పుడు మీకు చీము పట్టిందా, ఎన్నాళ్లకు మానింది?" అని. ఆవిడే చెప్తారు. తన చేతి మీద జరిగిందే మనవరాలి చేతి మీద ఇంకాస్త చిన్నగా జరుగుతోందని ఆవిడకు అర్థమైతే పసుపు గిన్నె పక్కన పెడతారు. నా మాటకంటే ఆవిడ మచ్చే బాగా చెప్తుంది.

బాబు విషయం. మచ్చ పడలేదంటే టీకా పనిచేయలేదని కాదు. సరిగ్గా వేసినా కొందరు పిల్లలకు మచ్చ పడదు. ఒకప్పుడు మచ్చ లేకపోతే మళ్లీ వేయాలనేవాళ్లు, ఇప్పుడు అలా చేయడం లేదు. మచ్చ లేకపోయినా మళ్లీ వేయనవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, మన ప్రభుత్వ టీకాల పద్ధతీ అదే. తల్లీబిడ్డల కార్డులో బీసీజీ ఎదురుగా తేదీ ఉందో లేదో చూడండి. ఉంటే ఆ సంగతి అక్కడితో అయిపోయింది. మన దగ్గర ఈ సూదిని ఏడాది లోపు పిల్లలకే వేస్తారు కాబట్టి నాలుగేళ్ల బాబుకు ఇప్పుడు వేసేది కూడా లేదు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇంట్లో గానీ, పిల్లలను ఎప్పుడూ ఎత్తుకునే చుట్టాల్లో గానీ ఎవరికైనా టీబీ తేలితే, మచ్చ ఉన్న పాపనూ మచ్చ లేని బాబునూ ఇద్దరినీ పరీక్ష చేయించాలి. ఐదేళ్ల లోపు పిల్లలకు జబ్బు రాకుండా ముందుగానే ఇచ్చే మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు.

ఎడమ చెయ్యే ఎందుకని కొందరు అడుగుతుంటారు. వైద్య కారణం ఏమీ లేదు. అందరికీ ఒకేచోట వేస్తే తర్వాత సర్వేకు వచ్చినవాళ్లు చూసి పోల్చుకోవచ్చని అలా పెట్టుకున్నారు.

మీ ఆడపడుచు చెప్పింది నిజమే. అమెరికాలో పిల్లలందరికీ బీసీజీ వేసే పద్ధతి ఎప్పుడూ లేదు. అక్కడ టీబీ చాలా తక్కువ. ఇక్కడ అలా కాదు. ప్రపంచంలో ప్రతి నలుగురు టీబీ రోగుల్లో ఒకరు మన దేశంలోనే ఉన్నారు. బస్సులో, పెళ్లిలో, పక్కింట్లో ఎవరు దగ్గుతున్నారో మనకు తెలియదు. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని బీసీజీ ఆపుతుందా అంటే, ఆపదు. ఆ సంగతి తేల్చడానికి మన దక్షిణాదిలోనే పెద్ద పరీక్షలు జరిగాయి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం (టీబీ ఆసుపత్రి) డాక్టర్లు 1950లలో చుట్టుపక్కల జనంలో పరీక్షించారు. 1968లో తమిళనాడులోని చెంగల్పట్టులో ఇంకా పెద్ద ఎత్తున మొదలుపెట్టారు. చెంగల్పట్టు ఫలితాలు నిరాశపరిచాయి. అయినా టీకా ఆపలేదు, ఎందుకంటే పసిపిల్లల్లో మెదడు పొరలకు వచ్చే టీబీ, ఒళ్లంతా పాకే టీబీ విషయంలో అది బాగా కాపాడుతుంది. మెదడు టీబీ వచ్చిన పసిబిడ్డను నేను చూశాను. బతికాడు, కానీ మళ్లీ తల్లిని గుర్తుపట్టలేదు. పాప చేతి మీది చీము చూసి భయం వేసినప్పుడు, ఈ సూది ఏ జబ్బుకు అడ్డుపడుతోందో తలుచుకోండి.

ఆడపడుచుకు కూడా ఒక మాట చెప్పండి. ఆవిడ ఇక్కడే పుట్టి పెరిగిన మనిషైతే బీసీజీ పడే ఉంటుంది. అలాంటివాళ్లకు అక్కడ చేతి మీద చేసే టీబీ చర్మపరీక్ష జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు. అడిగి రక్తపరీక్ష చేయించుకోవడం మేలు, దాని మీద బీసీజీ ప్రభావం ఉండదు.

ఇప్పుడు మీ సంగతి. మీరు సరే అని వదిలేసినా నేను వదలలేను.

మీరు రాసింది చదివితే అది మామూలు మచ్చలా లేదు, కీలాయిడ్ అంటారు దాన్ని. గాయం మానేటప్పుడు చర్మం కావలసినంత అతుకు వేసి ఆగాలి. కొందరి ఒంట్లో ఆ ఆపే మాట అందదు. అతుకు మీద అతుకు వేస్తూ గాయం హద్దు దాటి పెరుగుతుంది. భుజం, రొమ్ముల మధ్య ఛాతీ, చెవి తమ్మె, ఈ మూడు చోట్లా ఎక్కువ. ఛాయ తక్కువ చర్మాల్లో ఎక్కువ. వయసుకు వచ్చేటప్పుడు, కడుపుతో ఉన్నప్పుడు పెరుగుతుంది. మీ ఉత్తరంలో హైస్కూలు, ఇద్దరు పిల్లలు అని రాసిన చోట్లు అవే. ఇది టీబీ కాదు, క్యాన్సర్ కాదు, అంటదు. మీరు పాలిస్తున్న పాపకు దీనివల్ల ఏమీ కాదు. మీరు చేసిన తప్పు ఏదీ లేదు, చిన్నప్పుడు గోకడం వల్ల వచ్చిందని ఎవరైనా అని ఉంటే ఆ మాట మర్చిపోండి. సూది భుజం ఎముక మీదికి, బాగా పైకి పడితే కీలాయిడ్ వచ్చే అవకాశం ఎక్కువ. జబ్బ మీద కాస్త కిందికి వేయాలని అందుకే నేర్పుతారు.

దీనికి వైద్యం ఉంది. ఇన్నేళ్లలో ఒక్కరూ మీకీ మాట చెప్పకపోవడం నాకు బాధగా ఉంది. చర్మ వైద్యులు గడ్డలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, మూడు నాలుగు వారాలకు ఒకసారి, కొన్ని నెలల పాటు. నొప్పిగానే ఉంటుంది, ముందే చెప్తున్నాను. కానీ దురద, మంట మొదటి కొన్ని సూదులకే తగ్గుతాయి. గడ్డ మెత్తబడుతుంది, చాలామందికి చదునవుతుంది. గుర్తు పూర్తిగా చెరిగిపోదు. అక్కడి చర్మం కాస్త తెల్లబడవచ్చు, పలచబడవచ్చు. సిలికాన్ జెల్ గానీ పట్టీ గానీ దానితో కలిపి వాడమంటారు. అతిశీతల ద్రవంతో గడ్డకట్టించే పద్ధతీ ఉంది. పాలిస్తున్నానని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి, ఎందుకంటే 5-ఎఫ్‌యూ అనే మందు కూడా ఇందులో వాడతారు, పాలిచ్చే తల్లులకు అది వద్దు.

చేయకూడనిది ఒకటే. కోసి తీసేస్తాం, ఒక్క సిట్టింగులో పోతుంది అనే మాటకు లొంగకండి. కోత కూడా గాయమే కదా. ఒట్టి కోతతో వదిలేస్తే చాలామందికి మళ్లీ పెరుగుతుంది, ముందుకంటే పెద్దగా. ఎప్పుడైనా కోయాల్సి వస్తే దానికి ముందూ వెనకా చేసే వైద్యం తెలిసినవాళ్లే చేయాలి. అలాగే మీరు సరదాకు రెండో చెవికుట్టు గానీ, పచ్చబొట్టు గానీ, పుట్టుమచ్చ తీయించడం గానీ పెట్టుకోకండి. జ్వరానికో నొప్పికో వేసే మామూలు సూదులకు భయపడక్కర్లేదు.

పాపకూ ఇలాగే అవుతుందా అని అడిగారు. ఈ లక్షణం కొన్ని కుటుంబాల్లో నడుస్తుంది, కానీ కీలాయిడ్ ఉన్న తల్లుల పిల్లలందరికీ రాదు. బీసీజీ వేసిన పిల్లల్లో ఎక్కువమందికి మిగిలేది చిన్న చదును మచ్చే, పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తింపు చిహ్నంగా రాయడానికి వెతుక్కోవాల్సినంత చిన్నది. పుండు మానాక ఆర్నెల్లకో ఏడాదికో మచ్చ గట్టిపడి అంచులు దాటి పెరుగుతున్నట్టు అనిపిస్తే వెంటనే చూపించండి. చిన్నగా ఉన్నప్పుడు వైద్యం సులువు. మీలాగా పాతికేళ్లు ఓర్చుకోవలసిన పని లేదు. చెవులు కుట్టించాలని ఉంటే చిన్నతనంలోనే కుట్టించండి, పెద్దయ్యాక కుట్టించుకున్నవాళ్లలోనే చెవి కీలాయిడ్లు ఎక్కువ.

ఆడపిల్ల కదా అన్నారు. ఆ మాట వెనక ఎంత బరువుందో నాకు తెలుసు, మోచేతి దాకా జాకెట్టు అన్న మాటలోనే తెలిసింది. ఎండాకాలంలో ఖమ్మంలో ఆ చేతులతో పొయ్యి ముందు నిలబడడం మామూలు కష్టం కాదు. మీరు మీ భుజాన్ని దాచుకుంటూ ఉంటే పాప రేపు తన భుజాన్ని దాచుకోవడం మీ దగ్గరే నేర్చుకుంటుంది.

కాబట్టి ఇలా చేయండి. వచ్చే బుధవారమో శనివారమో పాపను పది వారాల టీకాలకు తీసుకువెళ్లండి. ఏఎన్ఎంకి పుండు చూపించి, కార్డులో బరువు రాయించండి. తర్వాత ఒక రోజు పాపను అత్తయ్య దగ్గర పడుకోబెట్టి ఖమ్మం ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఎప్పుడుంటుందో కనుక్కుని వెళ్లండి. పొద్దున్నే వెళ్తే పాల వేళకు ఇంటికి రావచ్చు. పొట్టిచేతుల జాకెట్టు వేసుకుని వెళ్లండి, డాక్టరుకు చూడడానికి సులువుగా ఉంటుంది.